అవ్వ ఆట పొలం, నా గంధం బొట్టు

ఇప్పటివరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పి మొదలుపెడతాను. ఆ మహర్నవమి నాడు మా వదిన ఆట మిషను మీద గంధం ఎక్కువ పడింది పొరపాటున కాదు. బొటనవేలి నిండా తీసుకున్నాను, పెట్టాను, అది మెల్లగా సందులోకి జారుతుంటే చూశాను, తుడవలేదు. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ నా భక్తిని మెచ్చుకుంటుంటే తల వంచుకున్నాను. (తల వంచుకోవడం నాకు రోజూ ఉన్న అలవాటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.)

'ఆ రోజుల్లో' అని రాయడానికి తగిన వయసు నాకింకా రాలేదు. ఇది నాలుగేళ్ళ కిందటి సంగతి. కానీ అప్పటి నన్ను తలచుకుంటే నలభై ఏళ్ళ కిందటి మనిషిలా అనిపిస్తుంది. అప్పుడు నేనెంత సిగ్గరినంటే, బస్సులో మా ఊరి స్టేజీ వస్తే ఆపమని అడగలేక, తర్వాతి ఊర్లో ఎవరైనా దిగుతుంటే వాళ్ళ వెనకాలే దిగి, కిలోమీటరున్నర వెనక్కి నడిచి వచ్చేదాన్ని. వనపర్తిలో ఒక జిరాక్స్ సెంటర్‌లో టైపింగ్ పని. పొద్దంతా ఇతరుల దరఖాస్తులు, ఇతరుల విన్నపాలు, ఇతరుల సంతకాల కింద వాళ్ళ పేర్లు. ఒక్క సొంత మాట లేకుండా రోజుకు ఇరవై పేజీలు రాసేదాన్ని. ఆ సొంత మాటలన్నీ ఇంటికి వచ్చి డైరీలో పోసేదాన్ని. ఆ డైరీకి పాత పేపరు అట్ట వేసి, గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న రెండు పుస్తకాల మధ్య పెట్టేదాన్ని, ఎవరి కంటా పడకుండా.

ఈ లోకంలో నేను గొంతెత్తి మాట్లాడే మనిషి ఒక్కతే, మా అవ్వ. నాయిన వాళ్ళ అమ్మ. అవ్వకు చదువు రాదు. మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి, మూడేళ్ళుగా, పొలం ముఖం కూడా చూడలేదు. పెబ్బేరు దారిలో ఉన్న మా నాలుగెకరాల మెట్ట చెలక కౌలుకు ఇచ్చేశాం. నేను బస్సు దిగి (వెనక్కి నడిచి) వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఎదురుచూసేది. కాళ్ళు కడుక్కుని వచ్చి పుస్తకం తెరిచి చదివి వినిపించేదాన్ని. అవ్వకు పుస్తకాల మీద ఒకటే ఫిర్యాదు. "వీళ్ళు గింతసేపు మాట్లాడుతుండ్రు, ఏడుస్తుండ్రు. మరి వండుతుందెవలే? తింటుందెప్పుడు?" ఆమె బాధ చూడలేక ఒకరోజు కథానాయకుడి ఇంట్లో నాలుగు జొన్నరొట్టెలు కాల్చాను. అవ్వ తృప్తిగా తల ఊపింది. మర్నాడు ఆ ఇంటికి ఒక బర్రెను కొనిచ్చాను. ఆ వారంలోనే నోరున్న అత్తగారొకామె దిగింది. పుస్తకంలో ఎనభయ్యో పేజీలో చచ్చిపోయిన మనిషి, మా అరుగు మీద మాత్రం ఆత్మకూరు పోయి చాయ్ హోటల్ పెట్టుకుని, ముగ్గురు బిడ్డల పెళ్ళిళ్ళు చేశాడు. వేలు మాత్రం అక్షరాల వెంట కదుపుతూ ఉండేదాన్ని, చదువుతున్నట్టే. పాపం, ఆ పుస్తకాలు రాసినవాళ్ళకు తమ మనుషులకు ఇంత మంచి జరుగుతోందని తెలియనే తెలియదు.

అదీ నా రాజ్యం. ఒక అరుగు, ఒక శ్రోత. ఆ రాజ్యం మీదికి దసరా ముందర వదిన దండెత్తి వచ్చింది.

వదినంటే మా మేనత్త కూతురు. వాళ్ళది కొత్తకోట, మామ హైవే పక్కన లారీల మెకానిక్. వదిన నాకంటే పద్దెనిమిది రోజులు పెద్ద. ఆ పద్దెనిమిది రోజుల పెద్దరికానికి నేను జీవితమంతా 'వదినా' అనాలి, ఆమె నన్ను 'ఏమే పిల్లా' అంటుంది. ఇంటర్మీడియట్ ఇద్దరం ఒకే కాలేజీ, ఒకే బెంచీ. జవాబు నాకు ముందు తెలిసేది, శభాష్ ఆమెకు దక్కేది. ఎందుకంటే జవాబు చెప్పాలంటే లేచి నిలబడాలి. ఆమె నిలబడేది. నేను కూర్చునే, పక్కనుంచి అందించేదాన్ని. అలా నిలబడీ నిలబడీ ఆమె హైదరాబాద్‌లో ఉద్యోగంలో నిలబడింది. కూర్చునీ కూర్చునీ నేను జిరాక్స్ సెంటర్‌లో కూర్చున్నాను. ఇందులో ఎవరి తప్పూ లేదని నాకు తెలుసు. తెలిసినా కడుపుమంట తెలివిని అడిగి రాదు కదా.

దసరాకు ఐదు రోజుల ముందు అత్తమ్మతో కలిసి వచ్చింది. బ్యాగులోంచి తువ్వాలలో చుట్టిన వస్తువొకటి, పసిపిల్లను తీసినట్టు తీసింది. రెండు అరచేతులకన్నా కాస్త పెద్దది, నల్లగా నిగనిగలాడుతోంది. మధ్యలో అద్దం, అటొకటి ఇటొకటి పుట్టగొడుగుల్లాంటి పుల్లలు, వాటి పక్కన చిన్న చిన్న మీటలు. సొంత జీతంతో కొనుక్కున్నదట. ఫోను మీద ఆడే ఆటలు దీని ముందు దిగదుడుపట. అవ్వ కళ్ళు చికిలించి చూసి, "గిదేందే, పలకలెక్కున్నది. పలకకు చెవులెందుకే?" అంది. వదిన కిలకిలా నవ్వి మీట నొక్కింది. అద్దంలో రంగులు విచ్చుకున్నాయి. నిజం చెప్పాలంటే, అంత చిన్న పెట్టెలో అంత పెద్ద ఆకాశం ఉంటుందని నేననుకోలేదు.

"జర నువ్వు పట్టుకో పిల్లా" అని నా చేతిలో పెట్టింది. ఊహించినదానికంటే బరువుగా, కొంచెం వెచ్చగా ఉంది, ఇప్పుడే పెట్టిన కోడిగుడ్డులా. ఒక బొమ్మ మనిషి పరుగెత్తుతున్నాడు, నేను గోతులు దాటించాలి. మొదటి గోతిలోనే పడి చచ్చాడు. రెండోసారి గోతి రాకముందే చచ్చాడు, ఎలాగో నాకిప్పటికీ తెలియదు. వదిన పడీ పడీ నవ్వింది. "మీట గూడ సిగ్గుపడుకుంట ఒత్తుతవేందే! గట్టిగొత్తు, అదేమన్న మొగోడా?" నవ్వుతూ తిరిగి ఇచ్చేశాను. ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: 'ఆ మిషను నాకు అవసరం లేదు.' మరుసటి రోజు పేజీలో: 'ఆ మిషను నాకు అవసరం లేదని ఈ రోజు కూడా అనిపించింది.'

మిషను వదిన చేతిలోనే ఉండిపోతే నాకు పోయేదేమీ లేదు. హైదరాబాద్ నుంచి వచ్చింది, హైదరాబాద్ పోతుంది. కానీ అందులో ఒక సేద్యం ఆట ఉంది. చిన్న పొలం, చుట్టూ కంచె, టోపీ పెట్టుకున్న రైతు. పార పట్టి తవ్వాలి, విత్తాలి, నీళ్ళు పోయాలి, కోయాలి. రెండో రోజు మధ్యాహ్నం వదిన అరుగు మీద కూర్చుని అది ఆడుతుంటే అవ్వ మెడ సాచింది. ఆ రోజు నాకు పనిలేదు, గుమ్మంలో కూర్చుని బతుకమ్మకు గునుగు పూలు ఏరుతూ అంతా విన్నాను.

"ఎవలి పొలమే గది?"

"నాదే అవ్వా. గా టోపోడు నేనే."

"టోపోడు నువ్వెట్లయితవే? మీసాలున్నయి గద." అవ్వ ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "నాగలేది?"

"నాగలుండదవ్వా. గీ పారతోనే అంత."

"పారతోని ఎంతని తవ్వుతడు? నడుము పోదా వానికి? బోరు యాడున్నది?"

"చెరువున్నది సూడు, ఆన్నించే నీళ్ళు."

"ఎన్నడెండదా?"

"ఎండదు. కరెంటుతోటి గూడ పనిలేదు."

అవ్వ ఆ చెరువును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. ఆ తర్వాత నిట్టూర్చి, "మంచి ఊరే అది" అంది.

వదిన మిషనును అవ్వ ఒళ్ళో పెట్టి, ఆమె బొటనవేలును పుట్టగొడుగు మీద ఉంచింది. రైతు పార ఎత్తి నేల మీద కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ ఆ మిషను చేతిలో అదురుతుందని నాకు తెలుసు, గోతుల్లో పడినప్పుడు తెలిసింది. అవ్వ ఉలిక్కిపడింది. "ఓ యమ్మ! రాయి తగిలినట్లే ఉన్నదే!" అని మళ్ళీ కొట్టింది. మళ్ళీ. మళ్ళీ. మూడేళ్ళుగా ముద్దలా వంగి కూర్చునే మా అవ్వ వెన్ను ఒక్కో దెబ్బకు కాస్త కాస్త నిలబడింది. సాయంత్రానికి టమాటా విత్తింది, గుమ్మడి పెట్టింది, ఆటలోని దొడ్లో ఉన్న ఎద్దును చూసి "ఇది కుంటుతున్నది, పెబ్బేరు సంతకు తోలి అమ్ముకపో" అని వదినకు పురమాయించింది.

"గట్ల అమ్మనీకి రాదవ్వా గీ ఆటల."

"ఎందుకు రాదు? సంత లేదా ఆడ?"

"లేదు."

"ఇగ గంత మంచి ఊరేం కాదు తియ్" అంది అవ్వ. అన్నదే గానీ మిషను మాత్రం వదల్లేదు.

మూడో రోజు, వనపర్తి నుంచి కొత్త పుస్తకాలు రెండు తెచ్చుకుని, తర్వాతి ఊర్లో దిగి, వెనక్కి నడిచి వచ్చాను. అరుగు మీద అవ్వ ఉంది. కానీ నా కోసం కాదు. కాళ్ళు కడుక్కుని పుస్తకం తెరిచాను. అవ్వ తల ఎత్తకుండానే, "జరాగు బిడ్డా, మొక్కలకు నీళ్ళు పెట్టి ఒస్త" అంది. నేను ఆగాను. దీపం పెట్టే వేళ అయింది, అన్నాల వేళ అయింది. నీళ్ళు పెట్టడం అయిపోలేదు. నేను పుస్తకం మూసినప్పుడు చప్పుడు కావాలని గట్టిగానే మూశాను. ఎవరూ వినలేదు. (నా కోపం కూడా నాలాగే, లేచి నిలబడదు.) ఆ రోజు డైరీలో నాలుగు పేజీలు రాశాను. అందులో కాస్త మర్యాదైన వాక్యం ఇది: 'ఆ మిషను కృష్ణలో పడితే బాగుండు. దాన్ని తీయడానికి వదిన కూడా దూకితే ఇంకా బాగుండు.'

సద్దుల బతుకమ్మ నాడు తంగేడు పూలు పేరుస్తూ పేరుస్తూ అవ్వ మధ్యలో ఆపి, "పొద్దున నీళ్ళు పెట్టినవా?" అని వదినను అడిగింది. బతుకమ్మ మీద ఒట్టు, అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. అవ్వ పుట్టినూరు గద్వాల అవతల, రాయచూరు దిక్కు. అక్కడి నుంచి కాపురానికి వస్తూ ఒక పద్ధతి వెంట తెచ్చుకుంది. మహర్నవమి పొద్దున ఇంట్లో పనిముట్లన్నీ కడిగి, పూజలో పెట్టి, ఎర్రబట్ట కప్పాలి. దసరా పొద్దున మళ్ళీ కొబ్బరికాయ కొట్టేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. దసరా నాడు తీశాక, ఎవరి పనిముట్టుతో వాళ్ళు కొంచెమైనా పని చేసి చూపించాలి. మా ఊళ్ళో ఇంకెవరింట్లోనూ ఇంత పట్టింపు లేదు. మా ఇంట్లో మాత్రం ఆ ఒక్క రోజు నాయిన తాను కిరాయికి నడిపే ట్రాక్టరు తాళంచెవి వైపు కూడా చూడడు, అమ్మ చిరిగిన రవికె చిరిగినట్టే తొడుక్కుంటుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర, నలుగురిలో, నేను నోరు తెరిచాను. "అవ్వా, వదిన మిషను గూడ పూజల పెట్టాలె కదా?"

అందరూ తినడం ఆపి నన్ను చూశారు. నేను అడగకుండా మాట్లాడటం వాళ్ళకు కొత్త. వదిన మాత్రం వెంటనే, "గది ఆట సామానే పిల్లా. పనిముట్టు ఎట్లయితది? కావాల్నంటే నా లాప్‌టాప్ పెట్టున్రి. వారం దినాలు ముట్టకున్నా మంచిదే" అంది.

అవ్వ ముద్ద నములుతూ ఆలోచించింది. "పొద్దుమాపు చేతుల ఉండేదే ఆయుధం" అని తీర్పు చెప్పింది. "పెట్టాల్సిందే." వదిన ముఖం ముడుచుకుంది. నా ముఖం విచ్చుకుంటుండగా అవ్వ నా వైపు తిరిగింది. "మరి నీ చేతుల పొద్దుమాపు ఉండేదేందే?"

నేను కంచం ఎత్తుకుని లేచాను. జవాబుతో అవసరం కూడా లేకపోయింది. నవమి పొద్దున నేను తలస్నానం చేసి వచ్చేసరికి అవ్వ గూట్లోంచి నా పుస్తకాల దొంతర మొత్తం ఎత్తుకెళ్ళి పూజలో పెట్టేసింది. పేపరు అట్ట వేసిన డైరీతో సహా. కొడవలి, ట్రాక్టరు తాళంచెవి, అమ్మ కత్తెర, వదిన మిషను, వాటి పక్కనే మా వదినను కృష్ణలో దూకించిన నా డైరీ. "అవ్వా, గా మీద పుస్తకం..." అన్నాను. "బేడ బేడ, పెట్టినంక తియ్యొద్దు" అంది. అవ్వ నోట పుట్టింటి కన్నడం 'వద్దు' వచ్చిందంటే ఇక అప్పీలు లేనట్టే.

బొట్లు పెట్టడం ప్రతి ఏడూ నా పని. కొడవలికి ఒకటి, తాళంచెవికి ఒకటి, పుస్తకాలకు మూలల్లో చిన్న చిన్న చుక్కలు. వంతు మిషను దగ్గరికి వచ్చింది. నాలుగు రోజుల కడుపుమంటకు ఈ పేపరు అట్ట భయం కూడా తోడైంది. బొటనవేలు గంధం గిన్నెలో మునిగింది. ఆ తర్వాత ఏం జరిగిందో మొదట్లోనే చెప్పాను. ఎడమవైపు పుట్టగొడుగు, దాని చుట్టూ సన్నని సందు, అందులోకి జారుతున్న గంధం. పైన కుంకుమ కూడా పెట్టాను, లోటెందుకని. ఎర్రబట్ట కప్పేశారు.

ఆ రోజంతా నేను పూజ ముందు నుంచి లేవలేదు. ఎందుకంటే ఫోను ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు సరిగ్గా ఆ దేవుని గూటి పక్కనే ఉంది. వదిన గంటకోసారి వస్తుంది, ప్లగ్గు పెడుతుంది, పీకుతుంది. గాలికి ఎర్రబట్ట కొస లేచినప్పుడల్లా పేపరు అట్ట కనబడుతుంది. నేను బట్ట సర్దుతాను, చేతులు జోడిస్తాను. మధ్యాహ్నానికి అత్తమ్మ గమనించింది. "సూడున్రి, పిల్లకు ఎంత భక్తో! పొద్దటి సంది కదల్లే. మా దానికున్నదా గింతన్న? వస్తది, ఛార్జింగ్ పెడ్తది, పోతది." వదిన నన్ను ఉరిమి చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెను నాతో పోల్చి తక్కువ చేసింది అదే మొదటిసారి. ఒక పూర్తి నిమిషం పాటు నాకు చాలా హాయిగా ఉంది.

అవ్వే పాపం కుదురుగా లేదు. "ఇయ్యాల నీళ్ళు లేకపాయె మొక్కలకు. గుమ్మడి రేపు కోతకొస్తదంటివి" అని వదినను అడిగింది. "మిషను బంద్ ఉంటే ఆడ పొద్దు గూడ ఆగిపోతదవ్వా. ఏం వాడిపోవు" అంది వదిన. "నేను చెప్పలే, మంచి ఊరని" అని అవ్వ తేలికపడింది.

దసరా పొద్దున కొబ్బరికాయ కొట్టారు. నాయిన ట్రాక్టరు స్టార్టు చేసి వాకిట్లో ఒక చుట్టు తిప్పాడు. అమ్మ కత్తెరతో ఒక పాత గుడ్డను రెండు చేసింది. అవ్వ గోడ పట్టుకుని దొడ్లోకి పోయి కొడవలితో గుప్పెడు గడ్డి కోసి బర్రె ముందు వేసింది. "ఇగ నీది తియ్యే" అని వదినతో అంటూ వచ్చి, ఎవరూ చెప్పకముందే అరుగు మీద తన చోట్లో కూర్చుని, చేతులు కొంగుకు తుడుచుకుని, ఒళ్ళు సర్దుకుంది. గుమ్మడి కోయడానికి.

వదిన మీట నొక్కింది. పొలం వచ్చింది, గుమ్మడికాయలు బిందెలంత ఉన్నాయి. టోపీ రైతు లేచాడు. లేచి, ఎవరూ ఏమీ ఒత్తకుండానే, ఎడమవైపు నడవడం మొదలుపెట్టాడు. టమాటాల మీదుగా నడిచాడు, గుమ్మడి పాదుల మీదుగా నడిచాడు, కంచె దగ్గరికి పోయి, కంచెకు తల ఆనించి, అక్కడే నడుస్తూ ఉండిపోయాడు. వదిన పుల్లను ఇటు లాగింది, అటు లాగింది. కదల్లేదు. "ఏమాయెనే వానికి? దేవుడు పూనిండా ఏంది?" అంది అవ్వ. అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. మిషనును చేతిలోకి తీసుకుని బొటనవేలితో మెల్లగా తట్టింది, మొండికేసిన ఎద్దును తట్టినట్టు. "రా నాయినా, రా. పంట చేతికొచ్చింది, ఇప్పుడు పోతే ఎట్ల?" అంది. ఆ గొంతు నేను ఇంతకుముందొకసారి విన్నాను. చెలక కౌలుకిచ్చిన రోజు.

నేను మిషను మీద కోపంతో గంధం పెట్టాను, వదిన మీద కోపంతో పెట్టాను. అది అవ్వ పొలం గట్టు మీద పడుతుందని ఆలోచించలేదు. నా కడుపుమంట అంతటితో చల్లారిందంటే అబద్ధం. కానీ దానికి మొదటిసారి సిగ్గు వేసింది.

"ఇగ నీ వంతే బిడ్డా" అని అవ్వ మిషను పక్కన పెట్టి, దొంతరలో పైనున్నది అందుకుని నా చేతికిచ్చింది. పేపరు అట్ట. "ఒక్క పేజీ సదువు. అందరు వింటరు."

అందరూ. నాయిన, అమ్మ, అత్తమ్మ, నా కుడి భుజానికి ఆనుకుని పిన్నీసుతో పుల్ల సందు గీకుతున్న వదిన. డైరీ తెరిచాను. ఏ పేజీ తెరుచుకోకూడదో అదే తెరుచుకుంది, వదినను కృష్ణలో దూకించిన పేజీ. కళ్ళు ఆ పేజీ మీదే పెట్టి, వేలు మొదటి గీత మీద ఆనించి, మొదలుపెట్టాను.

"ఒక ఊళ్ళో టోపీ పెట్టుకున్న రైతు ఉండేవాడు. చెరువు ఎన్నడూ ఎండదు, కరెంటుతో పని లేదు, మూడు రోజులకే పంట. అన్నీ ఉన్నాయి గానీ, ఆ ఊళ్ళో సంత లేదు. అతని ఎద్దు కుంటుతోంది. చూపిద్దామంటే తెలిసిన మనిషి లేడు, మారుద్దామంటే బేరగాడు లేడు. ఎడమ చేతి దిక్కు పోతే పెబ్బేరు వస్తుందని ఎవరో చెప్పారు. అందుకని ఒక పండగ పొద్దున, కోతకొచ్చిన గుమ్మడికాయలను కూడా వదిలేసి, నడవడం మొదలుపెట్టాడు..."

నాయిన తాళంచెవి తిప్పడం ఆపాడు. అవ్వ మెల్లగా ముందుకు వంగింది. అంతమంది ముందు నా గొంతు నాకే వినిపించడం అదే మొదలు. కంచె అడ్డం వచ్చింది, రైతు ఆగలేదు. నేనూ ఆగలేదు. ఆగితే పేజీలో ఉన్నది చదవాల్సి వస్తుంది కదా. అప్పుడే కుడివైపు పిన్నీసు చప్పుడు ఆగింది. వదిన నా భుజం మీదుగా పేజీలోకి చూస్తోంది. ఆమెకు చదవడం బాగా వచ్చు, నాకంటే వేగంగా. అమ్మ ప్రసాదం పళ్ళెంతో నా వెనక్కి వస్తోంది. అమ్మకూ చదవడం వచ్చు. నా పని అయిపోయిందనుకున్నాను. వదిన చేయి చాచి, ఆ పేజీ మీద తన అరచేయి బోర్లా పెట్టింది. "చెప్పే మల్ల" అంది. "దొరికిందా పెబ్బేరు?"

దొరికించాను. సంతలో ఎద్దును ఎవరూ కొనకపోగా, ఒక ముసలామె దాని కాలిలో విరిగిన ముల్లు తీసి, "దీన్నెందుకమ్ముతవు, ఇంటికి తోల్కపో" అని తిట్టి పంపించింది. అవ్వ తొడ మీద చరుచుకుని, "గట్ల చెప్పు!" అంది.

మధ్యాహ్నం మటన్ కూరకు మామ వచ్చాడు. మిషనును అటూ ఇటూ తిప్పి చూసి, "ముందుగాల ఇంజను బంద్ చెయ్యాలె" అని ఆఫ్ చేసి, పాత టూత్ బ్రష్షుకు స్పిరిట్ అద్ది, లారీ కింద దూరినంత శ్రద్ధగా పావుగంట తోమాడు. "స్టీరింగ్ పట్టేసింది. గంధం" అని తేల్చాడు. "పోనీ తియ్, పిల్ల భక్తితోని పెట్టింది" అంది అత్తమ్మ. అమ్మ నా తల నిమిరింది. నేను తల వంచుకున్నాను. రైతు కుడివైపు తిరిగాడు, అవ్వ పదకొండు గుమ్మడికాయలు కోసింది.

సాయంత్రం జమ్మి ఆకు నా చేతిలో పెడుతూ వదిన చెవిలో అంది, "ఏమే పిల్లా, నాకు ఈత ఒస్తది. కృష్ణల దూకినా సావను." నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె నవ్వి, "మిషను అవ్వ తాన్నే ఉండనీ. ఆఫీసుకు పోతే నాకు తెరిచే టైమే ఉండదు. ఛార్జింగ్ మాత్రం నువ్వే పెట్టాలె రోజు" అంది. అది శిక్షో బహుమానమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. గంధం సంగతి ఆమెకు అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది, నోరు దాటలేదు. (వదినా, ఇది చదువుతుంటే, మిగతాది ఇంటికి వచ్చాక తిట్టు.)

ఇప్పుడు ఆ డైరీ తీసి చదువుకుంటే నవ్వొస్తుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, పండగపూట, ఒక ఆట బొమ్మతో పోటీపడి, దాన్ని ఓడించడానికి దేవుణ్ణి పిలుచుకుంది. ఇప్పుడైతే నా స్టేజీలో నేనే బస్సు ఆపించుకుంటున్నాను, అదొక అభివృద్ధి. అవ్వ సేద్యం నాలుగో ఏడు నడుస్తోంది, కుంటి ఎద్దును అమ్మలేదు. ఆ మిషను అంటే ఇప్పటికీ నాకు కొంచెం కుళ్ళే. ఛార్జింగ్ మాత్రం మరవను.

వదిన హైదరాబాద్ వెళ్ళిపోయిన మర్నాడు సాయంత్రం, అవ్వ మొక్కలకు నీళ్ళు పెట్టడం ముగించి, మిషనును కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. "ఇగ సదువు" అంది. నాకు ప్రాణం లేచివచ్చింది. గ్రంథాలయం పుస్తకం తెరిచాను. గంధం విషయంలో మనసు గుచ్చుతోందేమో, ఆ రోజు చాలా నిజాయితీగా, ఉన్నది ఉన్నట్టు, ఒక్క రొట్టె కూడా కలపకుండా చదివాను. ఒక పేజీ తిప్పాను. రెండో పేజీ తిప్పాను. మూడోది తిప్పబోతుంటే అవ్వ నా చేయి పట్టుకుని ఆపింది.

"బేడ బిడ్డా, గది కాదు. నువ్వు పేజీ తిప్పకుండ సదువుతవు సూడు, గది సదువు."